పైవీధి నల్లి

పోయిన వారం మా తమ్ముడి మనవరాలు సుమ చిక్కబళ్ళాపురంలో మా ఇంటికి వచ్చింది. బెంగళూరులో ఒక కంప్యూటర్ కంపెనీలో మంచి జీతానికి పనిచేస్తుండిన పిల్ల. ఉన్నట్టుండి అది వదిలేసి, పరీక్ష రాసి, ఒక చిన్న ఊరి పురసభలో, అంటే మున్సిపాలిటీలో, ముఖ్యాధికారిగా చేరింది. వాళ్ళ నాన్న ఇంకా ఆమెతో సరిగా మాట్లాడడం లేదు. నా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "తాతా, మా ట్రైనింగ్‌లో అందరినీ నిలబెట్టి అడిగినారు, ఈ పనికి ఎందుకు వచ్చినారని. నేను ఇంపాక్ట్ అని చెప్పినా. నువ్వు ఏమని చేరితివి?" అంది. ఆ మాటకు అర్థమేమిటని అడిగితే, మనం చేసిన పని నలుగురి బతుకుల మీద పడడమని చెప్పింది. పడడం సంగతి నాకూ కొంత తెలుసు. నా ఉద్యోగమంతా నా మీద పడినవే ఎక్కువ.

రిటైరైన రోజు సభలో నేనూ ఒక కారణం చెప్పాను. చిన్ననాటి నుంచే ప్రజాసేవ అంటే మక్కువ అన్నాను. మెడలో దండ, పక్కన శాలువా ఉన్నప్పుడు మనిషి నోట అటువంటి మాటలే వస్తాయి. కానీ సుమ నిజం తెలుసుకుందామని అడిగింది. ఆమెకు ఆ సాయంత్రం చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. చింతామణికీ బాగేపల్లికీ నడుమ ఎక్కడో ఉందనుకోండి. అప్పటి కౌన్సిలర్ల మనవళ్ళే ఇప్పుడు అక్కడ కౌన్సిలర్లు, వాళ్ళతో నాకు ఇంకా అవసరాలున్నాయి.

మేం మైసూరు రాష్ట్రంలో ఉన్నామని చెప్పుకునే కాలం అది. నేను బెంగళూరులో లా చదివి వచ్చాను. మా నాయన రాగులు, వేరుశనగ పండించే రైతు. చదువైతే చెప్పించాడు గానీ, చదివిన కొడుకుని ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు. చిక్కబళ్ళాపురం కోర్టులో ఒక పెద్ద ప్లీడరు వెనకాల సంచీ మోయడం ఒక దారి, బెంగళూరులో సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగం ఇంకో దారి. ఫ్యాక్టరీలో క్యాంటీన్ ఉంటుంది, ఇంటి ముందుకే బస్సు వస్తుంది, క్వార్టర్స్ ఇస్తారు. నాయన ఓటు దానికే పడింది. పరీక్ష, ఇంటర్వ్యూ అయిపోయాయి. ఆర్డరు రావాలి. మా పల్లెకు టపా ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఆ కాగితం వచ్చేదాకా మా మేనమామ ఇంట్లో ఉండమని నన్ను ఆ ఊరికి పంపారు.

మేనమామ పేరు చౌడప్ప. చింతపండు, వేరుశనగ వ్యాపారం. ఇంట్లోకి అడుగుపెడితే ముందు చింతపండు పులుపు వాసన, తర్వాత కాస్త ముందుకు పోతే గానుగ చెక్క వాసన, వంటింటి దగ్గర ఉలవకట్టు వాసన. కళ్ళు మూసుకుని కూడా ఎక్కడున్నామో చెప్పవచ్చు. చలికాలంలో అనపగింజల పితికిపప్పు చేసిన రోజు మాత్రం ఈ హద్దులన్నీ చెరిగిపోయేవి. మామకు రెండే వ్యసనాలు. ఒకటి స్నానం, రెండోది గౌరవం. పెరట్లో రాగి అండా కింద వేరుశనగ పొట్టు మండుతూ ఉండేది. ఆముదం పట్టించుకుని, ఎండకు కూర్చుని, శీకాయ రుద్దించుకుని, బిందె తర్వాత బిందె పోసుకునేవాడు. ఒళ్ళు తుడుచుకుని బయటికి వచ్చినప్పుడు కొత్తగా పుట్టినట్టు మెరిసేవాడు. ఆ నీళ్ళన్నీ ఆయన భార్య నరసమ్మత్త వీధి చివరి చేదబావి నుంచి మోసేది. ఆయన మెరుపు వెనక ఆమె భుజం ఉండేది గానీ, ఆ రోజుల్లో దాని గురించి ఆలోచించినవాళ్ళు లేరు. నేనూ లేను.

ఇంటికి పెద్ద మా అవ్వ, మామకు తల్లి. కదిరి దిక్కు నుంచి వచ్చిన మనిషి. కన్నడం చెవిన పడినా మనసులోకి రానిచ్చేది కాదు. ఊళ్ళో బోరు వేసి, ట్యాంకు కట్టి, నల్లి పెట్టిస్తారని మామ ఒకరోజు సంబరంగా చెప్పాడు. కన్నడంలో నల్లి అంటే కొళాయి. అవ్వకు తెలిసిన నల్లి మంచం సందుల్లో ఉండేది. "సర్కారోళ్ళకి ఇంక పనేమీ లేదా నాయనా? ఇంటింటికీ ఉండేవి చాలవని వీధిలో గూడా పెడతారా?" అంది. మామ విడమరిచి చెప్పాడు. అవ్వ అంతా విని, "ఏమో, రెండూ మనుషుల్ని నిద్ర పోనీవు," అంది. ఎంత నిజమో నాకు తర్వాత తెలిసింది.

అదే సంవత్సరం మామ పురసభకు అధ్యక్షుడయ్యాడు. అంతలోనే అక్కడి ముఖ్యాధికారి కామెర్లు వచ్చి, సెలవు పెట్టి సొంత ఊరికి వెళ్ళిపోయాడు. మామ ఎక్కువ ఆలోచించలేదు. ఇంట్లో లా చదివినవాడు మూడు పూటలా తిని ఖాళీగా కూర్చున్నాడు, ఆఫీసులో కుర్చీ ఖాళీగా ఉంది. తాత్కాలికమని చెప్పి నన్ను అందులో కూర్చోబెట్టారు. నా ప్రజాసేవ అట్లా మొదలైంది. ఈ ముక్క సుమకు చెప్పినప్పుడు, "ఇప్పుడైతే పేపర్లో వేస్తారు తాతా," అంది. అప్పుడు ఊళ్ళోకి పేపరు మధ్యాహ్నం బస్సుకు వచ్చేది, అదీ మామ ఇంటికే.

బోరులో నీళ్ళు పడ్డాయి గానీ, రెండు నల్లులకు సరిపోయేటంతే. ఒకటి సంత దగ్గర అని అందరూ ఒప్పుకున్నారు. రెండోదాని మీద కౌన్సిల్లో గొడవ మొదలైంది. ప్రతి కౌన్సిలరూ తన వీధి ప్రజల కష్టాలు కన్నీళ్ళు పెట్టుకుని చెప్పాడు. ఆ కష్టాలు సరిగ్గా ఆయన ఇంటి గడప దగ్గరే ఎక్కువగా ఉండేవి. గొడవ తెగక, చివరికి 'అనుకూలమైన చోటు ముఖ్యాధికారి నిర్ణయించవలెను' అని తీర్మానం చేశారు. అందరూ నవ్వుతూ లేచారు. ఈ పిల్లవాడు నా మాట దాటడని ఒక్కొక్కరికీ నమ్మకం. అందరికన్నా ఎక్కువగా మా మామకు. ఆయన ఆ రోజే తన వాకిట్లో ఒక రాయి పాతించి, నల్లి అక్కడ వస్తుందని మేస్త్రీకి చూపించాడు.

పైవీధి అనేది ఊరికి ఎత్తు మీద ఉండేది. గంపలల్లేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు అక్కడ ఉండేవాళ్ళు. వాళ్ళకు నీళ్ళంటే శ్మశానం దాటి పోయి దిగుడుబావిలో దిగి తెచ్చుకోవడమే. ఆ వీధిలో మునివెంకటమ్మ అని బొరుగులమ్మే ఆమె ఉండేది. మనిషి సన్నం, గొంతు లావు. ఒకరోజు పొద్దున ఆఫీసులోకి వచ్చి, బిందె తెచ్చి నా బల్ల మీద పెట్టింది. కాగితాలు తడిశాయి. గుమాస్తా కేకలేశాడు. ఆమె అతని వంక చూడనేలేదు.

"నువ్వేనా అప్పా కొత్త ఆఫీసరు?"

"నేనే."

"చదివినోడివంట గదా. ఈ నీళ్ళేమో చూసి చెప్పు."

చూశాను. ఎండాకాలం చివర, రాగి అంబలి రంగులో ఉన్నాయి.

"మేమూ మా బిడ్డలూ ఇవే తాగుతాండాము. నువ్వూ ఒక గుక్క తాగి చూడు. తాగినాక, రెండో నల్లి యాడ పెట్టల్లో నువ్వే చెబుదువు."

ఆఫీసంతా నన్నే చూస్తోంది. వరండాలో కూడా జనం చేరారు. ఇందులో ప్రజాసేవ ఏమీ లేదు. అంతమంది ముందు, అందులోనూ ఒక ఆడమనిషి పందెం వేసినట్టు అడిగితే తాగనంటే నామర్దా అనిపించింది, అంతే. గ్లాసు తెప్పించి, ముంచుకుని, ఒకే గుక్కలో తాగేశాను. మునివెంకటమ్మ నోరు తెరిచింది. నిజంగా తాగుతానని ఆమె అనుకోలేదు. "అయ్యో నా సామీ, తాగేస్తివే!" అంది. ఆ గొంతులో మొదటిసారి జాలి వినిపించింది. ఆ జాలి ఎందుకో సాయంత్రానికి అర్థమైంది.

తర్వాతి రోజులు నేను మామ ఇంటి పెరటి మరుగుదొడ్డికీ మంచానికీ మధ్య గడిపాను. పోయిన ప్రతిసారీ నీళ్ళు కావాలి. ఒంటికి నీళ్ళు, బట్టలకు నీళ్ళు, తాగడానికి కాచి చల్లార్చిన నీళ్ళు. మంచం మీద నుంచి చూస్తే, నరసమ్మత్త బిందె చంకన పెట్టుకుని వాకిలి దాటడం, మళ్ళీ రావడం, మళ్ళీ పోవడం కనిపించేది. ఎన్ని సంవత్సరాలుగా ఆ ఇంటికి వస్తూ పోతూ ఉన్నానో, ఆమె నడక ఒక్కసారి కూడా నాకు కనపడలేదు. పైవీధి బావి ఎంత దూరమో అప్పుడు ఊహించుకున్నాను. నాలాగా అక్కడ మంచం పట్టినవాడికి ఎవరు మోస్తారు, ఎంత దూరం నుంచి మోస్తారు అనుకున్నాను. లా కాలేజీలో మునిసిపల్ చట్టం చదివాను, మంచి మార్కులు కూడా వచ్చాయి. అందులో ఉన్నది ఏమిటో నాకు విరేచనాలు పట్టుకున్నాక గాని తలకెక్కలేదు.

లేచి తిరగడం మొదలుపెట్టిన రోజు రాత్రి భోజనాల దగ్గర మామకు చెప్పేశాను. దాచిపెట్టి చేయడం ఇష్టం లేకపోయింది.

"మామా, రెండో నల్లి పైవీధిలో పెట్టిస్తాండా."

సంగటి ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. "యాడ?"

"పైవీధిలో."

"మన వాకిట్లో రాయి గూడా పాతించినా గదరా."

"చూసినా మామా."

"ఇప్పుడు నువ్వు తింటాండేది యాడ?"

"ఇక్కడే."

"ఎవురింట్లో?"

"నీ ఇంట్లోనే మామా."

"మరి నల్లి?"

"పైవీధిలో."

మామ ముద్ద కంచంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు. మూల నుంచి అవ్వ, "పోనీలేరా చౌడా, వాకిట్లో పెడితే ఊరోళ్ళంతా తెల్లారకముందే వచ్చి బిందెల్తో కొట్టుకుంటారు. నాకసలే నిద్ర పట్టదు," అంది. ఆ ఊళ్ళో నా నిర్ణయానికి దొరికిన ఒకే ఒక్క మద్దతు అది. మామ నాతో మాటలు మానేశాడు. ఏదైనా చెప్పవలసి వస్తే గోడకు చెప్పేవాడు. "ఆ ఫైలు పంపించమను," అని గోడతో అనేవాడు, నేను పంపేవాణ్ణి.

మామ కోపానికి నేను సిద్ధపడ్డాను. అత్త మాటకు సిద్ధంగా లేను. మర్నాడు పొద్దున ఆమె బిందె ఎత్తుకుంటూ ఆగి, "పైవీధోళ్ళకే భుజాలుండాయా అప్పా? నీకి జబ్బు చేసినప్పుడు మోసినవి ఈ భుజాలే గదా," అంది. కోపంగా అనలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగి, జవాబు కోసం ఆగకుండా బావి దగ్గరికి పోయింది. వాళ్ళ బావి దూరమని, వీధిలో మనుషులు ఎక్కువని, ఇంకో సంవత్సరానికి ఇంకో బోరు వేస్తారని నేను చెప్పగలను. అన్నీ నిజాలే. అత్త అడిగిన దానికి మాత్రం అవి సరిపోవు. ఆ తర్వాత ఎన్నో ఊళ్ళలో పనిచేశాను. ఎక్కడ ఏది ఇచ్చినా, అది అందనివాళ్ళలో ఒకరు నరసమ్మత్త గొంతుతో మాట్లాడినట్టే ఉండేది.

నల్లి తెరిచే రోజు వచ్చింది. పందిరి, మామిడాకులు, మేళం. పైవీధి జనమంతా అక్కడే. అధ్యక్షుడు కాబట్టి మామ రాక తప్పలేదు. మొహం ముడుచుకుని వచ్చాడు. నేను కర్పూరం పళ్ళెం పట్టుకుని వెనక నిలబడ్డాను. ఆయన నల్లి తిప్పాడు. ముందు గాలి బుస్సుమంది, తర్వాత ఎర్రమట్టి కక్కింది, తర్వాత తెల్లగా నీళ్ళు దూకాయి. ఆడవాళ్ళు గోల చేశారు. మునివెంకటమ్మ ముందుకు వచ్చి మామ కాళ్ళకు ఆ నీళ్ళే పోసి, జనం వైపు తిరిగి తన లావు గొంతుతో, "తన వాకిట్లో పెట్టుకోగలిగినోడు మా వీధిలో పెట్టిచ్చినాడు! చౌడప్ప మాదిరి మనిషి ఇంకొకడు ఉండాడా?" అంది.

మామ మొహం మారడం నేను పక్క నుంచి చూశాను. స్నానం చేసి బయటికి వచ్చినప్పటి మెరుపు. గొంతు సవరించుకున్నాడు. "నా వాకిట్లో పెట్టుకోవల్లంటే పెట్టుకోలేనా? రాయి గూడా పాతించినా! కానీ మీ బిడ్డలు గుర్తుకొచ్చిరి. నా మనసు ఒప్పలేదు," అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడాడు. ఎంతసేపంటే, చివరికి నాకూ ఆయనే పెట్టించాడేమో అనిపించింది. ఇంటికి వస్తూ దారిలో, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి గోడను వదిలేసి నాతో మాట్లాడాడు. "ఏంరా, బాగా మాట్లాడితినా?"

"బాగా మాట్లాడితివి మామా."

ఆ మాట మీద ఆయన తర్వాతి ఎన్నిక కూడా గెలిచాడు. నల్లి రాని వీధులవాళ్ళు మాత్రం ఆయనను ఒక్క మాట అనలేదు. అనవలసినవన్నీ నన్ను అన్నారు. మంచి జరిగితే అధ్యక్షుడిది, జరగకపోతే ముఖ్యాధికారిది అనే పద్ధతి నాకు అప్పుడు తెలిసింది. ఇప్పటికీ అది మారలేదని సుమ చెప్పింది.

అంతలో ఫ్యాక్టరీ ఆర్డరు వచ్చింది. నాయన పల్లె నుంచి కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. కామెర్ల అధికారి ఇంక రానని చెప్పేశాడు, కుర్చీ నాకే ఇస్తామని కౌన్సిల్ అంటోంది. నేను ఇక్కడే ఉంటానన్నాను. నాయన కన్నా ముందు అవ్వే పలికింది. "ఇంత చదివిచ్చింది కుక్కల్ని పట్టిచ్చేదానికా, కక్కసులు కడిగిచ్చేదానికా?" అంది. అప్పటికే బాగేపల్లిలో ఒక బట్టల వ్యాపారి కూతురితో నా పెళ్ళి మాటలు జరుగుతున్నాయి. సంగతి తెలిసి ఆయన బస్సెక్కి వచ్చాడు. నా ముందే మామతో, "చౌడప్పన్నా, అల్లుడు యాడ పని చేస్తాండాడని నలుగురూ అడిగితే ఏమని చెప్పేది? ఫ్యాక్టరీ అంటే ఒక మర్యాద ఉండాది. మున్సిపాల్టీ అంటే చీపురుకట్టలు గుర్తుకొస్తాయి గదా," అన్నాడు. కాఫీ సగం తాగి వెళ్ళిపోయాడు.

ఎందుకు ఉండిపోయావని అందరూ అడిగారు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను. ఫ్యాక్టరీలో నేను చేసిన పని ఏ యంత్రంలో ఏ మూలకు చేరుతుందో నాకు ఎన్నటికీ తెలియదు. కోర్టులో తండ్రి వేసిన దావా కొడుకు గెలుస్తాడు. ఇక్కడ పొద్దున చేసినది సాయంత్రానికి తిట్టుగా మారి ఇంటికి వచ్చేది. బెంగళూరులో చదివినన్నాళ్ళూ నా పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. ఈ ఊళ్ళో సంత నుంచి పైవీధి దాకా ఆడవాళ్ళందరికీ నా పేరు తెలుసు, ఎవరూ మంచిగా పలకరు. నాకది నచ్చింది. సిగ్గుపడవలసిన కారణమే కావచ్చు, నిజం మాత్రం అదే. సుమకు ఇప్పుడు జనం చెత్త ఫోటోలు తీసి ఫోనుకు పంపుతారు. మా కాలంలో చెత్తనే తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్ళు. ఆమె ఆఫీసులో చల్లగాలి మిషను ఉంది, ఊడ్చే బండ్లున్నాయి, ఎక్కడ ఏ పైపు పగిలిందో తెర మీద కనిపిస్తుంది. "మీ ఊళ్ళో అధ్యక్షుడి ఇంటి ముందు రోడ్డు పడిందా?" అని అడిగాను. "అన్నిటికన్నా ముందు అదే పడింది తాతా," అని నవ్వి, "నేను రాకముందు," అంది. ఆ 'రాకముందు' అనడంలో ఉన్న పొగరు నాకు బాగా నచ్చింది.

బాగేపల్లి సంబంధం పోయిందనే అందరం అనుకున్నాం. కొన్నాళ్ళకు నరసమ్మత్తకే కబురు వచ్చింది. పిల్ల, పేరు సరోజ, తండ్రిని ఒకే మాట అడిగిందట: "ఆ ఊర్లో నల్లి ఉండాదంట, నిజమా?" బాగేపల్లిలో వాళ్ళింటికి నీళ్ళు మోసేది ఆమే. ఉందని తెలియగానే, అయితే నేను చేసుకుంటానని చెప్పేసింది. ప్రజాసేవను మెచ్చి నన్ను వరించిందని నేను చాలాకాలం అనుకున్నాను. నీళ్ళ అధికారి ఇంట్లో నీళ్ళు ఇంట్లోనే పడతాయని ఆమె లెక్క. ఆమెకు తెలియనిది, ముఖ్యాధికారికి ఇచ్చిన ఇల్లు పైవీధికి దిగువన ఉందనీ, ఆ ఇంట్లో నల్లి లేదనీ.

కాపురానికి వచ్చిన మర్నాడు సరోజ పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి బిందె తీసుకుని నల్లి దగ్గరికి పోయింది. తిరిగి వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. చీర సగం తడిసింది. బిందె దించి, ఊపిరి పీల్చుకుని, నా వంక చూసింది.

"ఆడ ఒక సన్నపామె ఉండాది. గొంతు మాత్రం ఇంత."

"మునివెంకటమ్మ. ఏమనింది?"

"నేను ఆఫీసరు ఇంటామెనని చెప్పినా. అట్లయితే బాగా తెలిసుండల్ల గదమ్మా, పోయి వరసలో అందరికన్నా కడాకి నిలబడు అనింది."

"నిలబడితివా?"

"నిలబడక ఏం చేసేది? అందరూ నవ్వబట్టిరి." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు పెట్టిచ్చిన నల్లి గదా, మీరు ఒక మాట చెప్పకూడదా?"

చెప్పనన్నాను. ఆఫీసుకు పోతూ పైవీధి వైపు నుంచి నడిచాను. వరస ఇంకా సాగుతూనే ఉంది. మునివెంకటమ్మ నన్ను చూసి, లేవకుండానే, "ఏమప్పా, మీ ఇంటామెకు నీళ్ళు దొరికెనా?" అని అరిచింది. దొరికాయన్నాను. "రేపు కొంచెం తొందరగా రమ్మను," అంది.